తెలుగు రైతు పదజాలం

తెలుగు ప్రాంతాల్లో సాగు, భూమి లెక్కలు, పంట అమ్మకాల చుట్టూ అల్లుకున్న మాటలన్నీ కలిపి రైతు పదజాలం. ఇందులో దుక్కి, నారు, కుప్ప వంటి అచ్చ తెలుగు మాటలున్నాయి. రెవెన్యూ పాలన వెంట వచ్చిన అరబ్బీ, పారసీ మాటలున్నాయి. ఎరువుల బస్తాలతో పాటు దిగిన ఇంగ్లీషు మాటలూ ఉన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలదే. తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించడానికి ఆ సేకరణే ఆధారమైంది. భాషా పరిశోధకులకు ఈ మాటలు మాండలిక పదాలు. రైతుకు మాత్రం వాటిలో చాలావరకు డబ్బు, నీరు, హక్కు తేల్చే మాటలు.

అదను, పదును

అదను అంటే పనికి తగిన కాలం, పదును అంటే నేలలో పనికి తగిన తడి. జంటగా వినిపించినా ఇవి రెండూ వేరు. అదనుకు కొలత కార్తె. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలాన్ని కార్తె అంటారు. ఏడాదికి 27 కార్తెలు. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర వస్తాయి. పండుగ తిథుల్లా ఏటా ముందుకూ వెనక్కూ జరగకుండా ఇంచుమించు అవే తేదీలకు రావడం వల్ల రైతులు తిథిని వదిలి కార్తెను పట్టుకున్నారు. నైరుతి రుతుపవనాలు తెలుగు నేలకు చేరే రోజులు మృగశిరకు దగ్గర పడతాయి. ఏరువాక సాగేదీ అప్పుడే.

అయితే కార్తె వచ్చినంత మాత్రాన పదును రాదు. గుప్పెడు మట్టిని పిడికిట బిగిస్తే ముద్ద కట్టాలి, ఆ ముద్దను కింద పడేస్తే విడిపోవాలి. పదునుకు పాతకాలపు పరీక్ష ఇదే, ఇప్పటికీ పనికొస్తుంది. ఎర్ర చల్కలో పదును త్వరగా వచ్చి త్వరగా ఆరిపోతుంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బి నాగలికి అంటుకుంటుంది, ఆరితే బీటలు వారి పెళ్లలుగా లేస్తుంది. రెంటికీ మధ్య దున్నడానికి దొరికే రోజులు కొద్దే. తొలకరి జల్లుకే పత్తి గింజ పెడితే సగం మొలవదు, మొలిచింది వాడిపోతుంది, విత్తనం మళ్లీ కొనాలి. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల లోతుగా తడిశాకే విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెప్పేది పదును సంగతే. మొలిచాక వాన ముఖం చాటేస్తే దాన్ని బెట్ట అంటారు. బెట్ట పొలంలో కనిపించే స్థితి, కరువు మండలాల వారీగా ప్రభుత్వం ప్రకటించేది. పైరు బెట్టకు ఎండిపోయిన మండలమంతా కరువు జాబితాకు ఎక్కాలనేమీ లేదు.

పంటకాలాలు

కాగితాల మీద ఖరీఫ్, రబీ. అరబ్బీలో ఖరీఫ్ శరత్కాలం, రబీ వసంతం. కోత కాలాన్నిబట్టి పడిన పేర్లను మనం విత్తే కాలానికీ వాడుతున్నాం. తెలంగాణలో వీటినే వానాకాలం, యాసంగి అంటారు, ప్రభుత్వం కూడా అవే పేర్లు వాడుతోంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరికి సార్వా, దాళ్వా. రాయలసీమలో ముంగారి, హింగారి.

దాళ్వాను రబీకి మారుపేరుగా చూడటం పొరపాటు. నల్లరేగడిలో శనగ రబీ పంటే, కానీ అది వాన వెలిశాక నేలలో మిగిలిన తడితోనే పండుతుంది. దాళ్వా వరి ప్రాణమంతా కాలువలో ఉంటుంది. అందుకే డెల్టా రైతు చలికాలం మొదట్లో ఆకాశం కంటే నీటి విడుదల ప్రకటన కోసం ఎక్కువగా చూస్తాడు.

భూమి, కొలత

నీటి వసతి ఉన్న భూమి ఆంధ్రలో మాగాణి, తెలంగాణ రికార్డుల్లో తరి. వానాధార భూమి ఆంధ్రలో మెట్ట, తెలంగాణలో కుష్కి. పైరు వివరాలు రాసే గ్రామ లెక్క ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణి. ఆ లెక్కలు నడిచేది ఫసలీ సంవత్సరంలో. జూలై 1న మొదలయ్యే ఫసలీకి 590 కలిపితే అది మొదలైన క్రీస్తు శకం వస్తుంది. ఫసలీ 1434 అంటే 2024 జూలై నుంచి 2025 జూన్ వరకు. పాత అడంగల్ నకలు అడిగేటప్పుడు ఈ కూడిక తప్పితే మరో ఏడాది కాగితం చేతికొస్తుంది.

కొలతలో తేడా ఇంకా పెద్దది. ఎకరానికి ఆంధ్రలో 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. సెంటు 48.4 చదరపు గజాలు, గుంట 121. పాసుపుస్తకంలో 2.20 అని ఉంటే ఆంధ్రలో రెండెకరాల ఇరవై సెంట్లు, తెలంగాణలో రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఒకే అంకెకు 30 సెంట్ల తేడా. రాష్ట్రం దాటి పొలం కొనేవారు ముందు అడగాల్సింది ధర కాదు, చుక్క తర్వాతి అంకె సెంట్లా గుంటలా అని.

ఎరువు, మందు

పల్లెల్లో ఎరువూ మందే, పురుగుమందూ మందే. దుక్కిలో వేసేది అడుగు మందు, పైరు ఎదిగాక చల్లేది పైపాటు. బస్తా మీది అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. 50 కిలోల డీఏపీలో నత్రజని 9, భాస్వరం 23 కిలోలు. పురుగుమందు డబ్బా మీది త్రికోణంలో ఎరుపు రంగు ఉంటే అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఇక తెగులు వేరు, పురుగు వేరు. అగ్గితెగులుకు శిలీంధ్రనాశిని కావాలి, సుడిదోమకు కీటకనాశిని. దుకాణంలో "పైరు ఎర్రబడింది" అని మాత్రమే చెప్పిన రైతుకు ఏ డబ్బా అంటగట్టినా ఆశ్చర్యం లేదు.

బస్తా, తేమ, తరుగు

డెల్టాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. కొనుగోలు కేంద్రాల్లో 40 కిలోల సంచి. నెల్లూరులో లెక్క పుట్టిలో, పుట్టి 850 కిలోలు. కాబట్టి ఎకరాకు ముప్పై బస్తాలు పండిందంటే అది 22.5 క్వింటాళ్లూ కావచ్చు, 12 క్వింటాళ్లూ కావచ్చు.

మద్దతు ధరకు ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. పత్తిలో 8 శాతం వరకు పూర్తి ధర, అక్కడి నుంచి 12 దాకా కోత, ఆపైన భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు. తేమకు కచ్చితమైన లెక్క ఉంది. 20 శాతం తేమ ఉన్న 100 కిలోల ధాన్యం 17 శాతానికి ఆరితే సుమారు 96.4 కిలోలు అవుతుంది, 40 కిలోల సంచికి తగ్గేది కిలోన్నర లోపే. 17 శాతానికి ఆరబెట్టి తెచ్చిన ధాన్యంలో తేమ పేరు చెప్పి ఒక్క గ్రాము కోసినా అన్యాయమే. తాలు, మట్టి, తేమ, సంచి బరువు, ఇలా ఏ పేరు చెప్పినా చివరికి జరిగేది తరుగు. సంచికి రెండు కిలోల తరుగు చిన్నదిగా వినిపిస్తుంది. కానీ వంద క్వింటాళ్లకు 250 సంచులు, ఐదు క్వింటాళ్ల కోత. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, ఆ లెక్కన నష్టం 11,845 రూపాయలు.

పట్టాదారు, కౌలుదారు

అన్ని పదాల్లోకీ బరువైనది రైతు అనే మాటే. ప్రభుత్వ పథకాల్లో రైతు అంటే చాలాసార్లు పట్టాదారు, అంటే భూమి పట్టా తన పేర ఉన్నవాడు. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు పట్టాదారుకే అందింది, కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ కూడా భూమి ఉన్న కుటుంబాలకే. దున్నేది, అప్పు తెచ్చేది, వాన దెబ్బ తినేది కౌలుదారు. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి 11 నెలల ఒప్పందంతో కౌలుదారుకు కార్డు ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆ కార్డుతో పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగవచ్చు. కానీ ఒప్పందం మీద భూయజమాని సంతకం ఉండాలి. భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు సంతకం పెట్టరు, కార్డు రాదు. సాగుదారు అనే పదానికి చట్టంలో చోటిచ్చి, ఆ హోదాను మరొకరి సంతకానికి ముడిపెట్టడం ఈ చట్టంలోని అసలు లోపం.