హ్యాండిల్ లేని కిచెన్ మన ఖని దాకా ఎట్లా వచ్చింది?

ఈ ఎపిసోడ్ టాపిక్ వంటిల్లు. గోదావరిఖని, రామగుండం వైపు ఇంటికి వెనకాల ఇంకో గది కలిపేవాళ్లని అడిగి చూడండి, చాలామంది చెప్పేది ఒకటే: "హ్యాండిల్స్ లేని మాడ్యులర్ కిచెన్ పెట్టిద్దాం అనుకుంటున్నం." రీల్స్‌లో చూస్తే నిన్న మొన్న వచ్చిన ఫ్యాషన్ లాగా ఉంటది. కానీ దీని వెనక దాదాపు వందేళ్ల కథ ఉంది. ఆ కథ మొదలైంది పెద్ద బంగళాల్లో కాదు, కార్మికుల ఇళ్లలో. అందుకే మనకి దీనితో పని ఉంది.

ముందు మన దగ్గరి కథ. 1871లో విలియం కింగ్ అనే జియాలజిస్ట్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న కంపెనీకి సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. అందుకే ఆ రోజు సింగరేణి డే. గోదావరిఖని చాలా తర్వాతి ఊరు. గనులు వచ్చాయి, మనుషులు వచ్చారు, వాళ్ల కోసం క్వార్టర్లు లేచాయి. పేరులోనే ఖని ఉంది కదా.

అప్పటి వంట ఎట్లా ఉండేది? కట్టెలు, బొగ్గులు. ముడి బొగ్గు నేరుగా పొయ్యిలో వేస్తే పొగ తట్టుకోలేం. అందుకే బొగ్గు గనుల ఊళ్లలో ముందు దాన్ని ఆరుబయట కుప్పపోసి కాల్చేవాళ్లు. పొగంతా పోయాక నీళ్లు చల్లి ఆర్పి, మిగిలిన దాన్ని పొయ్యికి వాడేవాళ్లు. గిన్నెలకి మసి పట్టకుండా అడుగున మట్టి పూసేవాళ్లు. వంట కింద కూర్చొని చేసేవాళ్లు, సామాను గూట్లోనో సజ్జ మీదనో పెట్టుకునేవాళ్లు. ఆ పొగలో ప్లైవుడ్ కప్‌బోర్డ్ అనే ఆలోచనకే చోటు లేదు.

మార్చింది గ్యాస్. బర్మా షెల్ 1955లో బొంబాయిలో వంటగ్యాస్ అమ్మకం మొదలుపెట్టింది. 1965లో ఇండేన్ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చాక పేద ఇళ్లకి కూడా సిలిండర్ చేరడం పెరిగింది. గ్యాస్ పొయ్యిని గట్టు మీద పెట్టాలి, అంటే మనిషి నిలబడి వండాలి. గట్టు కట్టాక దాని కింద ఖాళీ మిగిలింది. ఆ ఖాళీకి మొదట కర్టెన్, తర్వాత తలుపులు, ఇప్పుడు మాడ్యులర్ డబ్బాలు. స్టెప్ బై స్టెప్ వచ్చింది అన్నమాట.

ఇప్పుడు జర్మనీకి పోదాం. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కార్మికుల కోసం పెద్ద ఎత్తున ఇళ్లు కడుతోంది. మార్గరెటె షూటె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్‌కి వంటిల్లు డిజైన్ చేసే పని అప్పజెప్పారు. ఫ్యాక్టరీలో పనిని వాచీ పెట్టి కొలిచినట్టు ఆమె వంటింట్లో అడుగుల్ని కొలిచింది. రైలు డైనింగ్ కారు కిచెన్‌ని చూసి నేర్చుకుంది. చివరికి తేలిన గది సుమారు 1.9 మీటర్లు, 3.4 మీటర్లు. అంటే మన లెక్కలో ఆరు అడుగులు, పదకొండు అడుగులు. బియ్యానికి, చక్కెరకి పేరు రాసిన అల్యూమినియం డబ్బాలు. దాదాపు 10,000 ఇళ్లలో ఇది పెట్టారు. ఇవాళ్టి మాడ్యులర్ కిచెన్‌కి ఇదే మూలం.

హ్యాండిల్ పోయింది ఆ తర్వాత. 1960లో సీమాటిక్ అనే జర్మన్ కంపెనీ 6006 అనే మోడల్ తెచ్చింది. అందులో హ్యాండిల్ బదులు వేళ్లు పట్టే గాడి ఉంటది. ఇప్పుడు మన కార్పెంటర్లు గోలా ప్రొఫైల్ అంటారే, ఆ అల్యూమినియం పట్టీ ఆ ఆలోచనకే వారసుడు.

సరే, అసలు విషయం. ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్‌లో ఒక లోపం ఉంది. అందులో ఒక్క మనిషే పట్టేది. టైమ్ మిగిల్చింది కానీ, ఆడమనిషిని ఆ గదిలో ఒంటరిని కూడా చేసింది. 1970ల్లో అక్కడి స్త్రీవాదులు దీన్నే విమర్శించారు.

మన చిన్న క్వార్టర్లలో కూడా అంతే కదా? ఫస్ట్ షిఫ్ట్‌కి పోయేవాళ్లకి తెల్లారకముందే డబ్బా కట్టాలి, నైట్ షిఫ్ట్ దిగి వచ్చినవాళ్లకి పొద్దున్నే అన్నం పెట్టాలి. గనిలో ప్లే డే డ్యూటీకి రెట్టింపు జీతం. వంటింట్లో ప్లే డే అనేదే లేదు.

కాబట్టి ఎక్స్‌టెన్షన్ అంటే ఆ లోపం సరిచేసే ఛాన్స్. డబ్బులు, చాలాసార్లు రిటైర్‌మెంట్ డబ్బులే, హ్యాండిల్ లేని తలుపు మీద పెట్టే ముందు ఇద్దరు పక్కపక్కన నిలబడే గట్టు మీద పెట్టండి.

ఇంజనీర్ బుర్రతో ఇంకో నాలుగు మాటలు. ఒకటి, గోలా గాడిలో పిండి, నూనె, మన దగ్గరైతే బొగ్గు నుసి కూడా చేరతది. రోజూ తుడిచే ఓపిక లేకపోతే మామూలు హ్యాండిలే మేలు. రెండు, పాత గోడ, కొత్త గోడ ఒకేలా కుంగవు. ఆ అతుకు మీదుగా ఒకే క్యాబినెట్ బిగించొద్దు. మూడు, గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందికి దిగుతది. సిలిండర్ పెట్టే చోట నేల దగ్గర గాలి పోయే సందు ఉండాల్సిందే. నాలుగు, ఉన్నది క్వార్టర్ అయితే రిటైరయ్యాక అప్పజెప్పాలి. సింగరేణి స్థలంలో కట్టుకున్న ఇల్లయితే జీవో 76 పట్టా చేతికొచ్చిందో లేదో చూసుకోండి. అనుమానం ఉంటే గోడకి పాతేసే పని వద్దు, స్క్రూలు విప్పి తీసుకుపోగలిగే డబ్బాలే చేయించండి. మాడ్యులర్ అనే మాటకి అర్థమే అది.

చివరగా ఒక్క పని చెప్తా. కార్పెంటర్ డ్రాయింగ్ గీసే ముందు నేల మీద సుద్దతో గట్టు గీయండి. రోజూ వండే మనిషిని అందులో నిలబెట్టి, పొయ్యి ఎక్కడ, సింక్ ఎక్కడ, ఎత్తు ఎంత అని అడగండి. అమ్మ అయినా, భార్య అయినా, మీరే అయినా సరే, ఆ మనిషి ఓకే అన్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.