నిరీక్షణ వినోద రూపకల్పన

బస్సు, రైలు, మెట్రో స్టేషనులయందు వాహనాగమనమునకై వేచియుండు ప్రయాణికులు స్వయముగా పాల్గొనదగిన క్రీడా, సంగీత, దృశ్యసాధనములను రచించి నెలకొల్పెడు విద్యకు నిరీక్షణ వినోద రూపకల్పన యని పేరు. పనిలేని కాలము వ్యాపృతమైన కాలముకంటె దీర్ఘముగా తోచునని 1985లో డేవిడ్ మైస్టర్ ప్రతిపాదించిన సూత్రము దీనికి ఆధారములలో నొకటి.

1995లో న్యూయార్కు 34వ వీధి భూగర్భ రైల్వే స్టేషనులో క్రిస్టఫర్ జానీ అమర్చిన ‘రీచ్’ ప్రసిద్ధోదాహరణము. ప్లాట్‌ఫారములకుపైన వ్రేలాడు దండములవైపు చేయి చాచినంతనే కాంతికిరణము ఛేదింపబడి మరింబా, వేణు ప్రభృతి ధ్వనులు వెలువడును. పట్టాల కావలనున్న అపరిచితునితో జుగల్బందీ సాధ్యమగుటయే దీని విశేషము. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కోయందు యాహూ సంస్థ 20 బస్సు షెల్టర్లలో స్పర్శతెరలు నిలిపి పేటల నడుమ క్రీడాస్పర్ధ నడపెను.

ఈ రూపకల్పన స్థలమునుబట్టి మారవలెను; ఉదాహరణకు, రంగారెడ్డి జిల్లాలో హైదరాబాదు–బిజాపూరు రహదారిపై నున్న మొయినాబాదు, చేవెళ్లలకు రైలుగాని మెట్రోగాని లేదు. మెహిదీపట్నమునకు పోవువారికిని, చిలుకూరు బాలాజీ దర్శనార్థులకును ఆర్టీసీ బస్సులే ప్రధానాధారము. ఎండకును ధూళికిని ఓర్చునదియు, అక్షరజ్ఞానము లేనివారికిని సుబోధమైనదియు, బస్సు రాగానే నడుమ విడిచిపోదగినదియు నగు సాధనమే ఇట్టి రోడ్డుపక్క స్టాపులకు తగినది. కండక్టరు కేకను మ్రింగివేయు ధ్వనియంత్రము వర్జనీయము.