పాఠం మళ్ళీ చెప్పేవాడు

విద్యాచరిత్ర వ్రాసేవారు సాధారణంగా మహా పండితులను గురించి, పేరుమోసిన విద్యాలయాలను గురించి వ్రాస్తారు. గురువు చెప్పిన పాఠం అర్థంకాక మౌనంగా కూర్చున్న పిల్లవాడి ప్రక్కన చేరి, అదే పాఠాన్ని ఓపికగా మరొకసారి చెప్పిన మనిషి ఊసు ఆ గ్రంథాలలో అరుదుగా కనిపిస్తుంది. కాని చదువు సామాన్యుల ఇళ్ళ దాకా వెళ్ళిన చోట్ల చాలా వాటిలో ఈ రెండవ మనిషి ఉన్నాడు. అతని పని గౌరవం పొందినప్పుడు వెనుకబడిన పిల్లలు నిలదొక్కుకున్నారు. అది కేవలం ఖర్చు తగ్గించే ఉపాయంగా మారినప్పుడు ఆ పిల్లలు మళ్ళీ వెనుకనే ఉండిపోయారు. ఈ సంగతిని చరిత్ర ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మదీనా నగరాన్ని చూద్దాం. హిజ్రీ 2వ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 624లో, బద్ర్ యుద్ధం ముగిసింది. పట్టుబడిన మక్కా ఖైదీలలో పరిహారం చెల్లించలేని అక్షరాస్యులు అన్సార్ల పిల్లలకు వ్రాత నేర్పి విడుదల పొందవచ్చునని మహాప్రవక్త (సఅసం) నిర్ణయించారు. ఒక్కొక్కరికి పదిమంది పిల్లలను అప్పగించారని ఇబ్నె సఅద్ తన గ్రంథంలో పేర్కొన్నారు. తరువాతి కాలంలో ఖుర్ఆన్ సంకలనకర్తగా ప్రసిద్ధికెక్కిన హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ఇలా వ్రాత నేర్చుకున్నవారిలో ఒకరని కూడా అందులో ఉంది. ఈ సంఘటనను మనం తరచుగా విద్యకు ఇస్లాం ఇచ్చిన విలువకు నిదర్శనంగా చెప్పుకుంటాము. అందులోని ఏర్పాటును మాత్రం అంతగా గమనించము. నేర్పేవారు వృత్తిరీత్యా ఉపాధ్యాయులు కారు. వ్రాయడం వచ్చిన మామూలు మనుషులు. పిల్లల సంఖ్యకు ఒక హద్దు ఉంది. అన్నింటికీ మించి, గడువు నేర్పేవాని రోజులను బట్టి నిర్ణయం కాలేదు. పిల్లలకు వ్రాత వచ్చిందా లేదా అన్నదే కొలమానమయింది.

మదరసాలు స్థిరపడిన కాలంలో ఈ రెండవ మనిషికి ఒక పేరు, ఒక హోదా వచ్చాయి. అతనిని ‘ముఈద్’ అన్నారు. ‘ఆద’ అంటే తిరిగి రావడం. ‘ఇఆదా’ అంటే తిరిగి చేయడం, మళ్ళీ చెప్పడం. ముదర్రిస్ పాఠం ముగించిన తరువాత విద్యార్థులకు దానిని మళ్ళీ వివరించేవాడే ముఈద్. ఇది చిన్న పనిగా ఎవరూ భావించలేదు. 1067లో ప్రారంభమైన బాగ్దాద్ నిజామియా మదరసాకు ఆచార్యులైన ఇమామ్ అబూ ఇస్‌హాఖ్ షీరాజీ (రహ్మ) అంతకుముందు తన గురువు ఖాజీ అబుత్తయ్యిబ్ తబరీ వద్ద ముఈద్‌గా పనిచేసినవారే. 1370లో మరణించిన తాజుద్దీన్ సుబ్కీ, సమాజంలోని వివిధ ఉద్యోగుల బాధ్యతలను చర్చిస్తూ ముఈద్‌ను కూడా ప్రస్తావించారు. అందరితోపాటు కూర్చుని పాఠం వినడంతో అతని బాధ్యత తీరదని, విద్యార్థులకు అర్థమయ్యేలా చెప్పి మేలు చేకూర్చడం అతని విధి అని ఆయన భావం. తెలుగులో ‘వల్లెవేయడం’, ‘అప్పజెప్పడం’ అనే మాటలున్నాయి. అవి విద్యార్థి చేసే పనులు. నేర్పేవాడు మళ్ళీ చెప్పడమనే పనికి మనకు ప్రత్యేకమైన మాట లేకపోవడం ఆలోచించదగిన విషయం.

పేరు లేకపోయినా తెలుగు నేలపై ఆ పని లేకపోలేదు. మన వీధిబడులే అందుకు సాక్ష్యం. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాలలోని బడుల వివరాలు కోరగా, బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. తెలుగు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన క్యాంబెల్ ఇతడే. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్ళారి జిల్లాలోనే ఉండేది. అతని లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు. ఆ బడులలో కన్నడం నేర్పేవి 235, తెలుగు నేర్పేవి 226, సంస్కృతం, మరాఠీ చెరి 23, పారశీకం 21, తమిళం 4, ఆంగ్లం 1. విద్యార్థులలో ముస్లిం బాలురు 243 మంది. ముస్లిం బాలిక ఒక్కరూ లేరు.

పిల్లలు నేలమీద ఇసుక పరచుకుని వ్రేలితో అక్షరాలు దిద్దడం, చిన్న తరగతులను పెద్ద విద్యార్థులకు అప్పగించడం, పై తరగతులను పంతులు స్వయంగా చూసుకోవడం క్యాంబెల్ వర్ణించాడు. ముందు నేర్చినవాడు వెనుకవానికి నేర్పుతూ తన చదువును కూడా గట్టిపరచుకునే ఈ పద్ధతి మెచ్చుకోదగినదని, ఇంగ్లండు దీనిని అనుకరించడం సబబేనని అతడు వ్రాశాడు. అలాగని వీధిబడిని ఆకాశానికెత్తలేదు. పిల్లలు అర్థం తెలియని కావ్యభాషను కంఠస్థం చేయడం, సమర్థులైన పంతుళ్ళు కరువవడం, చేతులు కట్టి దూలానికి వ్రేలాడదీయడం వంటి క్రూర శిక్షలు కూడా అదే నివేదికలో ఉన్నాయి. ప్రజల పేదరికం పెరగడంతో బడులు మూతపడుతున్నాయని కూడా అతడు పైవారికి తెలియజేశాడు.

ఇంగ్లండు అనుకరించిందన్న మాటకు వెనుక ఒక కథ ఉంది. స్కాట్లండుకు చెందిన ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. దగ్గరలోని ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకపై అక్షరాలు దిద్దడం చూసి, తన ఆశ్రమంలోనూ అలాగే నేర్పమన్నాడు. జీతగాళ్ళైన ఉపాధ్యాయులు ఒప్పుకోలేదు. అప్పుడతడు జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ బాలునికి చిన్న తరగతిని అప్పగించాడు. పెద్దలు కాదన్న పని ఆ బాలుడు చేసి చూపించాడు. 1796లో స్వదేశానికి వెళ్ళిన బెల్ మరుసటి ఏడాది తన అనుభవాన్ని పుస్తకంగా ప్రకటించాడు. ఇంగ్లండులో అది ‘మద్రాసు పద్ధతి’గా పేరుపొందింది.

అక్కడే ఆ పద్ధతి స్వభావం మారిపోయింది. జోసెఫ్ లాంకాస్టర్ 1798లో లండనులో ప్రారంభించిన బడి ఇదే దారిలో నడిచింది. ఒకే ఉపాధ్యాయుడు, కొందరు పెద్ద విద్యార్థుల సాయంతో, వందలాది పిల్లలకు ఒకే చోట చదువు చెప్పవచ్చునన్నది దాని ఆకర్షణ. వరుసలు, ఆజ్ఞలు, బిల్లలు, బహుమతులు పెరిగాయి. తక్కువ ఖర్చులో ఎక్కువమందికి అన్నదే లక్ష్యమయ్యేసరికి, అర్థంకాని పిల్లవానికి మళ్ళీ చెప్పడమన్న మూలభావం ప్రక్కకు జరిగింది. 1846 నాటికి ఇంగ్లండు ప్రభుత్వమే ఈ విధానం చాలదని గ్రహించి, వయసు వచ్చిన విద్యార్థులకు శిక్షణ ఇచ్చి ఉపాధ్యాయులుగా తీర్చే వేరే ఏర్పాటుకు పూనుకుంది.

మన కాలంలో ఈ పాత సత్యం మళ్ళీ పరీక్షకు నిలిచింది. ముంబయిలో ‘ప్రథమ్’ సంస్థ నడిపిన ‘బాల్‌సఖి’ కార్యక్రమం మున్సిపల్ బడులలో 3, 4 తరగతుల వెనుకబడిన పిల్లలను 15 నుండి 20 మంది చొప్పున విడదీసి, రోజుకు రెండు గంటలు అదే బస్తీకి చెందిన యువతులకు అప్పగించింది. ఆ యువతులు ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసినవారు; వారికి ఇచ్చిన శిక్షణ సుమారు రెండు వారాలు. 2001 నుండి 2003 వరకు ముంబయి, వడోదర నగరాలలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితర ఆర్థికవేత్తలు దీని ఫలితాలను కొలిచారు. అందరికన్నా వెనుకనున్న పిల్లలే ఎక్కువగా లాభపడ్డారని తేలింది. అయితే కార్యక్రమం ఆగిపోయిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం తరిగిపోయిందని కూడా వారు నమోదు చేశారు. చేయి వదిలితే పిల్లవాడు మళ్ళీ జారిపోతాడన్నమాట.

తెలుగు ప్రాంతంలోనే మరో ఉదాహరణ ఉంది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లాలో పనిపిల్లలను బడికి మళ్ళించే కృషి ప్రారంభించింది. గ్రామాలలో చదువుకున్న యువతీయువకులు ఇంటింటికీ తిరిగారు. శిబిరాలలో పిల్లలకు తప్పిపోయిన చదువును నేర్పి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. ఈ కృషికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతికి వద్దాం. బోరంచ ఉన్న నారాయణఖేడ్ తాలూకా 1956 వరకు బీదర్ జిల్లాలో ఉండేది. ఆ తరువాత మెదక్‌లో, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో భాగమయింది. ఆ బీదర్‌లోనే 1472లో ఖ్వాజా మహమూద్ గవాన్ మదరసా వెలసింది. దాని గ్రంథాలయం, దాని పండితులు మన చరిత్రకు గర్వకారణం. కాని ఉన్నత విద్య కోసం వెలసిన ఆ విద్యాపీఠపు నీడ పల్లెలోని ఏడేళ్ళ పిల్లవాడి పలకమీద పడదు. వాని అక్షరం ప్రక్కింటివారి చేతిలో ఉంది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు, మక్తబ్‌లో అరబీ అక్షరాలు: మూడు భాషల మధ్య మన పిల్లలు నడుస్తున్నారు. నిర్బంధ విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. పిల్లలు బడిలో చేరుతున్నారు. అయినా గ్రామీణ భారతంలో 5వ తరగతి పిల్లలలో సుమారు సగం మంది 2వ తరగతి పాఠాన్ని చదవలేకపోతున్నారని ‘అసర్’ సర్వేలు ఏళ్ళ తరబడి చెబుతున్నాయి.

ఈ స్థితిలో బోరంచ వంటి గ్రామం చేయగలిగినదేమిటి? ఇందుకు కొత్త భవనం అక్కరలేదు. మస్జిద్ వరండా గాని, బడి అరుగు గాని చాలు. ఇంటర్మీడియట్ చదివిన అమ్మాయి, డిగ్రీ చదివి సెలవుల్లో ఇంటికి వచ్చిన అబ్బాయి, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, వీరిలో ఒక్కొక్కరు పదిమంది పిల్లలను తీసుకుంటే సరిపోతుంది. వాడు ఏ తరగతి అన్నది కాక, వానికి ఏది వచ్చు అన్నది మొదట తెలుసుకోవాలి. అక్షరం రానివానికి అక్షరంతోనే మొదలుపెట్టాలి. కోదండం కాలం పోయిందని గుర్తుంచుకోవాలి. విద్యార్థిపై కాఠిన్యం వాని ఉత్సాహాన్ని చంపి, అబద్ధమాడటం నేర్పుతుందని ఇబ్నె ఖల్దూన్ ఆరువందల ఏళ్ళ క్రితమే హెచ్చరించాడు. బాలికలను మరువరాదు, 1823 నాటి బళ్ళారి లెక్కలోని ఆ సున్న మనకు చాలు. పొరుగున ఏ మతం పిల్లలున్నా వారిని కూడా పిలవాలి. బద్ర్ ఖైదీల వద్ద అక్షరాలు నేర్చిన సమాజం మనది.

ఈ పని ప్రభుత్వ ఉపాధ్యాయుని బాధ్యతను తొలగించదు. బడిలో ఉపాధ్యాయులు లేకుంటే అడగడం మన హక్కు. ముదర్రిస్ స్థానంలో ముఈద్‌ను కూర్చోబెట్టి ఖర్చు మిగుల్చుకోవడం ఇంగ్లండు చేసిన పొరపాటు. దానిని మనం మళ్ళీ చేయనవసరం లేదు. ముదర్రిస్ ఉండగా కూడా ముఈద్ కావాలి. ఒక పిల్లవానికి పాఠం మూడవసారి చెప్పవలసి వస్తే మూడవసారి చెప్పే మనిషి ప్రతి మొహల్లాకు ఒకరున్నా, బడి మానుకునే పిల్లల సంఖ్య తగ్గుతుంది. వారంలో నాలుగు రోజులు, రోజుకొక గంట, ఏడాది పొడుగునా ఆగకుండా: ఇంతకంటే పెద్ద సాధనం దీనికి అక్కరలేదు.