పాత రివాల్వరు, క్రొత్త తూటా

మా పిడుగురాళ్లలో ఒక పెద్దాయన, తాతగారి నాటి వెబ్లీ రివాల్వరు చూపి, “తూటా సరిగా పట్టినది గదా, ప్రేల్చవచ్చునా?” యనిరి. వలదంటిని.

సున్నపురాతి గనులు చూచిన మనకు, మందులన్నియు నొక్క తీరున ప్రేలవని తెలియును. 1887లో ఆంగ్ల సైన్యము స్వీకరించిన వెబ్లీ నల్ల తుపాకిమందుకై నిర్మింపబడినది. పిమ్మట కార్డైటను పొగలేని మందు వచ్చెను. 1897లో తూటా గొట్టమును సైతము కురుచ చేసిరి.

రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలో వర్తకులు వెబ్లీ చక్రముల వెనుక భాగము నరుగదీసి, తమ దేశపు 45 ఏ.సీ.పీ. తూటాలు పట్టునట్లు చేసిరి. పట్టినవి, కాని ఆ ఒత్తిడి చక్రమున కెక్కువ. కొన్ని పగిలినవి. పగిలిన యినుము ప్రేల్చువాని కంటికే వచ్చును గదా!

పెద్దాయన తూటాలు తీసివైచి, చక్రముపై ముద్రలు చదివించుటకు ఆయుధ నిపుణునికడకు బయలుదేరిరి.