నీలకంఠం రొయ్య - పేరు మార్చలేక నమూనానే మార్చారు

ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకని కొల్లేటికోట వెళ్ళినప్పుడు మావయ్య ఒక బుట్ట రొయ్యలు తెప్పించాడు. కొన్ని జానెడు పొడుగున, ముందుకాళ్ళు నీలంగా వున్నాయి. కొన్నిటికి ఆ కాళ్ళు నారింజ రంగులో వున్నాయి. అడుగున చిన్నవి, ఏ రంగూ లేనివి. "ఇవి మూడు రకాలా మావయ్యా?" అంటే "అన్నీ నీలకంఠాలేరా, చెరువు వెనామీ కాదు" అని తేల్చేశాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మూడు రంగులకీ ఒకే పేరేంటి, ఈయన సరిగ్గా చూడలేదనుకున్నా.

సరిగ్గా చూడనిది నేనే అని తర్వాత తెలిసింది. అది తెలుసుకునే క్రమంలో ఈ రొయ్య పేరు మీద రెండున్నర శతాబ్దాల తగాదా వుందని కూడా తెలిసింది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళకి ఆ తగాదా బాగా పరిచయమున్నదే అనిపిస్తుంది, అందుకే ఈ టపా.

మొదట గందరగోళం. 1758లో లిన్నేయస్ ఒక రొయ్యకి కార్సినస్ అని పేరు పెట్టాడు. అది నిజానికి అమెరికా ఖండపు రొయ్య. కానీ ఆసియా నదుల్లో దొరికే పెద్ద రొయ్యని కూడా చాలాకాలం పలేమన్ కార్సినస్ అనే పిలిచారు. 1879లో డీ మాన్ అనే డచ్చి శాస్త్రవేత్త న్యూగినీ నుంచి వచ్చిన రొయ్యలకి రోసెన్‌బర్గి అని పేరు పెట్టాడు. అక్కడ జంతువులు సేకరించిన హెర్మన్ ఫాన్ రోసెన్‌బర్గ్ పేరు అది. 1925లో సునియర్ అనే ఆయన డాక్వెటి అని ఇంకో పేరు తెచ్చాడు. అంటే ఒకే జంతువుకి మూడు పేర్లు తిరుగుతున్నాయి. 1950లో హోల్తుయిస్ ఈ చిక్కంతా విడదీశాక, 1950ల చివరికి మాక్రోబ్రాకియం రోసెన్‌బర్గి అన్న పేరు అందరికీ స్థిరపడింది. మన నీలకంఠానికి పుస్తకాల్లో వున్న పేరు అదే.

గుర్తుపట్టడం ఎలా? తల ముందు రంపంలా పొడుచుకొచ్చిన కొమ్ము చూడాలి. రోసెన్‌బర్గికి ఆ కొమ్ము పొడుగ్గా వుండి చివర పైకి వంపు తిరుగుతుంది. సాధారణంగా పైన 11 నుంచి 14, కింద 8 నుంచి 10 పళ్ళు వుంటాయి. గోదావరిలో దీనికో దాయాది వుంది, మాక్రోబ్రాకియం మాల్కమ్సోనీ. 1844లో మిల్న్ ఎడ్వర్డ్స్ పెట్టిన పేరు. అది 23 సెంటీమీటర్ల దాకా పెరిగితే రోసెన్‌బర్గి మగది 32 దాకా పెరుగుతుంది. కానీ ఎదగని రోసెన్‌బర్గి, ఎదిగిన మాల్కమ్సోనీ పక్కపక్కన పెడితే సైజు చూసి చెప్పలేం. కొమ్మే చూడాలి.

మరి రంగుల సంగతి? ఒకే జాతి మగ రొయ్యలే మూడు రూపాల్లో వుంటాయట. చిన్న మగవి, నారింజ కాళ్ళవి, నీలం కాళ్ళవి. చిన్నది నారింజగా, నారింజది నీలంగా మారుతూ పోతుంది. ఒకే రోజు పుట్టిన పిల్లల్లో కూడా కొన్ని జానెడు పెరిగి కొన్ని వేలెడు వుండిపోతాయి. రంగునీ సైజునీ బట్టి వర్గీకరించి వుంటే ఒకే జంతువుకి మూడు జాతులు రాసేసేవాళ్ళం. మావయ్య చెప్పిందే రైటు.

ఇప్పుడు అసలు మలుపు. బోర్నియోకీ సులవేసికీ మధ్య జంతుజాలాన్ని విడదీసే ఒక గీత వుందని వాలెస్ 19వ శతాబ్దంలోనే చెప్పాడు. హక్స్‌లీ ఆ గీతనే ఫిలిప్పీన్స్‌కి పడమరగా జరిపాడు. 2004లో రొయ్యల డీఎన్‌ఏ చూస్తే ఆ గీతకి అటున్నవీ ఇటున్నవీ చాలా దూరపు చుట్టాలని తేలింది. 2007లో వోవోర్, ఇంగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు శరీర లక్షణాలు కూడా పోల్చి, ఇవి రెండు వేరు వేరు జాతులన్నారు. గీతకి పడమర ఇండియా, థాయిలాండ్, మలేసియా, జావా. తూర్పున ఫిలిప్పీన్స్, న్యూగినీ, ఆస్ట్రేలియా.

చిక్కు ఎక్కడొచ్చిందో చూశారా? రోసెన్‌బర్గి అన్న పేరు పుట్టింది న్యూగినీ రొయ్య మీద. రూలు ప్రకారం ఆ పేరు తూర్పు రొయ్యకే చెందాలి. మనం పెంచేది, ఎగుమతి చేసేది, వందల పేపర్లలో వున్నది పడమటి రొయ్య. దానికి సునియర్ పెట్టిన డాక్వెటి మిగులుతుంది. ఒక్క దెబ్బకి హేచరీ మాన్యువళ్ళు, రోగాల మీద పరిశోధనలు, ప్రభుత్వ లెక్కలు అన్నీ తప్పు పేరు మీద వున్నట్టు అయిపోతుంది.

జంతువు పేరు వర్ణనకి కట్టుబడి వుండదు, మ్యూజియంలో దాచిన ఒక నమూనాకి కట్టుబడి వుంటుంది. మన భాషలో చెప్పాలంటే పేరు ఒక పాయింటర్. వర్ణన ఎంత మార్చినా పాయింటర్ చూపించే చోటు మారదు. అందుకని ఆ శాస్త్రవేత్తలే 2008లో అంతర్జాతీయ జంతునామకరణ కమిషన్‌కి అర్జీ పెట్టుకున్నారు. వాడుకలో వున్న పేరుని కాపాడమని. 2010లో కమిషన్ ఒప్పుకుంది. పాత నమూనాలకి ఆ హోదా తీసేసి, పడమటి రొయ్య నమూనాకి ఇచ్చింది. రోసెన్‌బర్గి పేరు మన రొయ్యకే మిగిలింది. న్యూగినీ రొయ్యకి వాలేసీ అనే కొత్త పేరు వచ్చింది. అంటే రోసెన్‌బర్గ్ వెళ్ళిన న్యూగినీలో వున్న రొయ్యకి ఇవాళ ఆయన పేరు లేదు!

ఇది అన్యాయం అనేవాళ్ళు వుంటారు. రూలంటే రూలే కదా అని. ప్రొడక్షన్‌లో వున్న ఇంటర్‌ఫేస్‌ని మార్చి తిట్లు తిన్నవాడిగా నేను కమిషన్ పక్షమే. పేరు వున్నది వాడేవాళ్ళ కోసం. కానీ తేడాని దాచిపెట్టలేదు, రెండు జాతులనీ విడిగానే నమోదు చేశారు. అదీ ముఖ్యం.

ఇదంతా కొల్లేటికి ఏం పనికొస్తుందంటే, జాతి తెలిస్తేనే బతుకు తెలుస్తుంది. 1960ల మొదట్లో మలేసియాలోని పెనాంగ్‌లో లింగ్ అనే శాస్త్రవేత్త ఈ రొయ్య పిల్లలకి ఉప్పు కలిసిన నీళ్ళు కావాలని కనిపెట్టాడు. లీటరుకి సుమారు 12 గ్రాముల ఉప్పు. అప్పటిదాకా మంచినీటి రొయ్య కదా అని మంచినీళ్ళలో పెంచబోతే పిల్లలు చచ్చిపోయేవి. ఆ ఒక్క సంగతి మీదే హేచరీలు నిలబడ్డాయి. మన రాష్ట్రంలో 1990ల చివర్లో స్కాంపి పేరుతో ఈ రొయ్య సాగు విజృంభించింది. తర్వాత తెల్లతోక రోగమొచ్చి, 2009లో వెనామీకి అనుమతి వచ్చాక రైతులు దీన్ని దాదాపు వదిలేశారు. పేరు నిలబడిన 2010 నాటికి చెరువుల్లో రొయ్య తరిగిపోయింది.

ఇక మిగిలింది సహజంగా పుట్టేవి. కొల్లేటిలో పెరిగిన తల్లి గుడ్లు మోసుకుని సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు వెంబడి ఉప్పునీటి దాకా దిగాలి, పిల్లలు మళ్ళీ ఎదురీదాలి. 1999లో కొల్లేటిని అభయారణ్యం అన్నాం, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చాం, 2006లో చేపల చెరువుల గట్లు తెంపాం. మాటలన్నీ సరస్సు గురించీ పక్షుల గురించే. రొయ్యకి సరస్సొక్కటే చాలదు, ఉప్పుటేరు కూడా దాని ఇల్లే. ఉప్పుటేరు పూడిపోయినా, అడ్డుకట్టలు పడినా, ఐదో కాంటూరు లోపల మనం ఎంత కాపాడినా ప్రయోజనం వుండదు.

ఈసారి వెళ్తే బుట్టలోంచి ఒకటి తీసి, పులుసులో పడేలోపే కొమ్ము మీద పళ్ళు లెక్కపెడదామని వుంది. కైకలూరు, ఆకివీడు, ఏలూరు వైపు వాళ్ళెవరైనా చదువుతుంటే మీ ఊళ్ళో దీన్ని ఏమంటారో, నీలకంఠమనేది దీన్నొక్కదాన్నేనా, గోదావరి దాయాదిని కూడానా చెప్పండి.