రాగిరేకుల నుండి అంకెల రేకులకు

తిరుమల శ్రీవారి ఆలయములో హుండీకి సమీపమున ఒక చిన్న రాతి అర యున్నది. దానిని సంకీర్తన భాండారమందురు. తాళ్ళపాక అన్నమాచార్యుల పదములు చెక్కిన రాగిరేకులు శతాబ్దముల తరబడి అందే యుండెను. తాటియాకును పురుగు తినును. కాగితమును చెమ్మ చెరచును. రాగి వీనికి లొంగదని తలచియే కాబోలు, అన్నమాచార్యుల కుమారుడు పెదతిరుమలాచార్యులు పదునారవ శతాబ్దములో ఈ మహాకార్యమునకు పూనుకొనెను.

ఆయన ఊహ వమ్ము కాలేదు. అన్నమయ్య 32,000 పదములు రచించెనని ప్రతీతి. అందు సుమారు 14,000 మనకు దక్కినవి. రేకులు భద్రముగనే యుండెను. మరి పాట మాటయేమి?

1816లో ప్రకటించిన తెలుగు వ్యాకరణములో కాంబెల్ దొర ఈ రేకులను ప్రస్తావించెను. ప్రాచీన వ్యాకరణ గ్రంథము లేవైన లభించునేమో యని ఆయన వానిని పరీక్షింపజేసెను. దైవస్తుతి గీతములే విస్తారముగ కనబడుటచే ఆ యాసక్తి అంతటితో చల్లారినది. చేతికందిన నిధిని గుర్తింపకుండుట కిది యొక ఉదాహరణము. మరి నూరేండ్లకు గాని సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల కృషి వలన ఆ పదములు అచ్చులో వెలుగు చూడలేదు.

అప్పటికి జరిగిన నష్టమొకటి యున్నది. రేకులపై ప్రతి పదమునకు రాగము పేరు కలదు, స్వరము లేదు. పాడువారి పరంపర తెగిపోవుటచే అన్నమయ్య నాటి వరుసలు మనకు చేరలేదు. నేడు మనము వినునవి చాలవరకు రాళ్ళపల్లివారును తరువాతి విద్వాంసులును కూర్చిన వరుసలే. రాగి అక్షరమును కాపాడినది, నాదమును కాపాడలేకపోయినది.

ఇప్పుడు మన చేతికి డిజిటల్ విధానము వచ్చినది. అక్షరమైనను, చిత్రమైనను, గానమైనను ఒకటి, సున్న అను రెండంకెల వరుసగా మార్చి దాచుట దీని మర్మము. గ్రామఫోను రికార్డు త్రిప్పిన కొలది అరుగును. టేపు నుండి టేపునకు ఎక్కించిన కొలది ధ్వని మాయును. అంకెల ప్రతి యట్లుగాదు. నూరవ నకలును మొదటిదానివలెనే యుండును. 1991లో యూనికోడ్ పట్టికలో తెలుగు లిపికి స్థానము లభించెను. అందుచే వేలకొలది పదములలో ఒక్క మాట ఎచ్చటెచ్చట వచ్చినదో క్షణములో వెదకి తీయవచ్చును. రేకు ఛాయాచిత్రము, దాని పాఠము, పాడిన గళము మూడును ఒకచోట చేర్చి, కడపలోని విద్యార్థికిని కాలిఫోర్నియాలోని తెలుగు బాలికకును ఒకేసారి అందింపవచ్చును.

అయినను నిశ్చింతగ నుండరాదు. అయిదువందల యేండ్లనాటి రాగిరేకును నేడును కంటితో చదువగలము. ముప్పదియేండ్ల క్రిందట ఫ్లాపీలో దాచిన వ్రాతను చదువు యంత్రము నేడెందరి యిండ్ల నున్నది? పూర్వము తాటియాకు శిథిలము కాకమునుపే లేఖకులు క్రొత్త యాకులపై తిరుగ వ్రాసెడివారు. అంకెల ప్రతికిని అట్టి సేవయే కావలెను. యంత్రములు మారినపుడెల్ల దానిని క్రొత్తచోటికి ఎత్తి వ్రాయవలెను. ఒక్కచోట గాక పలుచోట్ల నుంచవలెను.

ఈ పని సంస్థలకే పరిమితము కాదు. మీ యింట అమ్మమ్మగారు పాడిన మంగళహారతి పాత క్యాసెట్టులో నుండవచ్చును. దానిని నేడే క్రొత్త ప్రతికి ఎక్కింపుడు. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరము తప్పక వ్రాసియుంచుడు. పిదప పిల్లలకు వినిపింపుడు, వారిచేత పాడింపుడు. అన్నమయ్య వరుసలు మనకు దక్కకపోవుటకు కొరవడినది రాగి కాదు, పాడెడి గొంతుక.