బంగారు మందు, కోళ్ళ మేత



భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకులై యుండగా, బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు 1945లో మిస్సూరీ మన్నునందలి యొక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును తీసెను. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. ఆ యేటనే సుబ్బారావుగారు దివంగతులైరి.

మందు తీయగా మిగిలిన పిప్పిని ఆ శాలలోనే జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ అనువారు కోడిపిల్లలకు పెట్టిరి. వారు కోరినది బి12 విటమిను. కాని పిల్లలు దాని వలన పెరుగవలసిన దానికంటె మిక్కిలి పెరిగెను. పిప్పిలో నిలిచిన మందే కారణమని 1950లో ప్రకటించిరి. నాటినుండి రోగము లేని కోళ్ళకును, పందులకును మేతలో మందు కలుపుట ఆచారమయ్యెను.

కొద్దిపాటి మందు సూక్ష్మజీవుల నన్నిటిని చంపజాలదు. లొంగునవి చచ్చును, లొంగనివి మిగిలి వృద్ధి పొందును, తమ గుణమును ఇతర జాతులకును పంచిపెట్టును. 1969లోనే ఇంగ్లండున స్వాన్ సంఘము దీనిని గూర్చి హెచ్చరించెను. 1976లో స్టూవర్ట్ లెవీ ప్రకటించిన పరీక్షలో, ఆ జాతి మందు కలిపిన మేత తిన్న కోళ్ళ ప్రేవులయందు వారములోనే లొంగని జీవులు నిండెను. ఐదారు మాసములకు ఆ క్షేత్రమున నివసించు మనుష్యులలోను అవి ప్రబలెను. మన దేశము 2019 జూలైలో, కడపటి ఆయుధమైన కొలిస్టిన్ అను మందును ఆహారపు జంతువులకు నిషేధించెను.

కాప్రా అంగడిలో కోడిని కొను గృహస్థు ధర యడుగును, తూకము చూచును. అది తిన్న మేత యెట్టిదో యడుగడు. ఇకమీదట అడుగవలయును. రోగికై పుట్టిన మందును తూకమునకై వ్యయపరచినచో, రేపు రోగి మంచముకడ వైద్యుని చేయి రిక్తమగును.